చూడి కుక్కకు స్కానింగ్: ఏ ప్రశ్నకు, ఏ రోజున?

చూడి కుక్కను స్కానింగ్ బల్లపై పడుకోబెట్టగానే యజమాని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఒక్కటే: “ఎన్ని పిల్లలున్నాయి, డాక్టరు గారూ?” అల్ట్రాసౌండ్ పరీక్ష చెప్పగలిగిన విషయాలన్నిటిలో అతి తక్కువ నమ్మదగినది ఆ సంఖ్యే. చూడి నిలిచిందా, పిండాల గుండెలు కొట్టుకుంటున్నాయా, అవి ఇబ్బందిలో ఉన్నాయా, ఈనిక ఎన్ని రోజుల్లో రావచ్చు అనే నాలుగు ప్రశ్నలకు అదే యంత్రం ఎంతో విలువైన సమాధానాలు ఇస్తుంది. ఆ నాలుగింటిని అడిగేవారు తక్కువ, అడగమని చెప్పేవారు మరీ తక్కువ. స్కానింగ్ యంత్రాలు చిన్న పట్టణాల వరకూ చేరుతున్న ఈ దశలో, యంత్రం వచ్చిందని ప్రచారం చేయడం కన్నా సరైన ప్రశ్నను సరైన రోజున అడగడం పెంపకందారులకు నేర్పడమే విస్తరణ శాస్త్రవేత్తల ముందున్న పని అని నా అభిప్రాయం.

వ్యవసాయ పత్రికలో కుక్కల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మెట్ట ప్రాంతాల్లో గొర్రెల మందను రాత్రిపూట కాచేది కాపరితో పాటు అతని కుక్క. పట్టణాల చుట్టుపక్కల పల్లెల్లో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్, పొమరేనియన్ పిల్లలను పెంచి అమ్మడం కొందరు యువకులకు పక్క ఆదాయంగా మారింది. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమావళి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి, రికార్డులు రాసి ఉంచాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అంటే ఇది ఇప్పుడు ఇంటి ముచ్చట స్థాయిని దాటి, లెక్కా బాధ్యతా ఉన్న పశుపోషణగా మారింది. ఒక్క కష్ట ప్రసవంలో తల్లినీ పిల్లలనూ పోగొట్టుకునే పెంపకందారు ముందుగా సలహా అడిగేది దగ్గరలోని పశువైద్యశాలను, కృషి విజ్ఞాన కేంద్రాన్ని. అక్కడివారి మాట స్పష్టంగా ఉండాలి.

సంఖ్య ఎందుకు తప్పుతుంది?

అల్ట్రాసౌండ్ యంత్రం ఒక్కసారికి పొట్టలోని ఒక పలుచని పొరను మాత్రమే చూపుతుంది. కుక్క గర్భసంచికి రెండు పొడవైన కొమ్ములుంటాయి. చూడి పెరిగేకొద్దీ అవి మడతలు పడి ఒకదానిపై ఒకటి ఒరుగుతాయి. ప్రోబ్‌ను కుడి నుంచి ఎడమకు జరిపేటప్పుడు ఒకే పిండం రెండుసార్లు లెక్కకు రావచ్చు, పేగులలోని గాలి వెనుక ఉన్న మరొకటి అసలు కనబడకపోవచ్చు. 28 నుంచి 35 రోజుల మధ్య పిండతిత్తులు పూసల దండలా విడివిడిగా ఉంటాయి కనుక, తక్కువ పిల్లలున్నప్పుడు అంచనా కొంత దగ్గరగా వస్తుంది. అయితే ఆ దశలో లెక్కించిన పిండాలలో ఒకటి రెండు ఆ తరువాత చనిపోయి, తల్లి శరీరంలోనే కరిగిపోయే అవకాశం ఉంది. కాబట్టి నాడు కనబడినవన్నీ పుట్టాలన్న నియమం లేదు.

ఈ పొరపాటు వల్ల జరిగే హాని రెండు విధాలు. స్కానింగ్‌లో నాలుగు అన్నారు, నాలుగూ పుట్టాయి, ఇక అయిపోయిందని యజమాని నిద్రపోతాడు; లోపల ఐదోది అడ్డం తిరిగి ఉంటుంది. తెల్లవారేసరికి తల్లికి ప్రాణాపాయం. రెండోది దీనికి వ్యతిరేకం. ఆరు అన్నారు, ఐదే పుట్టాయి. లేని ఆరో పిల్లను బయటికి తెప్పించడానికి తెలిసీ తెలియనివారు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లు పొడుస్తూ పోతారు. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు ఆ మందు గర్భసంచిని చీల్చవచ్చు, లోపల బతికున్న పిల్లకు ప్రాణవాయువు అందకుండా చేయవచ్చు. లోపల ఏముందో పరీక్షించకుండా ఆక్సిటోసిన్ ఇవ్వరాదన్నది ప్రతి విద్యార్థీ చదువుకున్న పాఠమే. ఒక తప్పుడు సంఖ్య ఆ పాఠాన్ని మరపిస్తుంది.

సంఖ్య నిజంగా కావలసి వస్తే మార్గం ఉంది. పిండాల ఎముకలు 45 రోజుల ప్రాంతంలో ఎక్స్‌రేకు కనబడేంతగా గట్టిపడడం మొదలవుతుంది. 55 రోజుల తరువాత తీసిన ఎక్స్‌రేలో పుర్రెలనూ వెన్నెముకలనూ లెక్కపెట్టవచ్చు. అప్పటికి అవయవాల నిర్మాణం పూర్తయి ఉంటుంది కనుక, అవసరం మేరకు తీసే ఒకటి రెండు ఎక్స్‌రేల వల్ల భయపడవలసింది అంతగా ఉండదు. ఎక్స్‌రే సంఖ్య చెబుతుంది గాని గుండె కొట్టుకుంటున్నదీ లేనిదీ చూపలేదు. అల్ట్రాసౌండ్ గుండెను చూపుతుంది గాని సంఖ్య చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు పెంపకందారుకు అర్థమైతే సగం చిక్కులు తొలగినట్లే.

మొదటి ప్రశ్న: చూడి నిలిచిందా?

కుక్కలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఆవులో చూడి నిలవకపోతే మూడు వారాలకు మళ్లీ ఎద కనిపిస్తుంది. కుక్కలో అలాంటి సూచన ఉండదు. చూడి నిలిచినా నిలవకపోయినా ఎద తరువాత రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ ప్రభావం కొనసాగుతుంది. అందువల్లనే చూడి లేని కుక్కకూ పొట్ట పెరిగినట్లు కనిపించడం, చన్నులు నిండడం, మూలన గుడ్డలు పోగుచేసి పడక సిద్ధం చేసుకోవడం చూస్తుంటాం. ఈ మిథ్యాగర్భాన్ని నిజమని నమ్మి మేత పెంచి, అరవై రోజులు ఎదురుచూసేవారు ఎందరో.

అదే ప్రొజెస్టిరాన్ కాలంలో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. ఎద ముగిసిన 4 నుంచి 8 వారాల మధ్య గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రా వ్యాధి తరచుగా బయటపడుతుంది. పొట్ట ఉబ్బు, నీరసం, ఎక్కువగా నీళ్లు తాగడం, ఆహారం మీద అయిష్టత దాని లక్షణాలు. గర్భసంచి ముఖద్వారం మూసుకుని ఉంటే స్రావం కూడా బయటికి కనబడదు. చూడి కదా, నీరసంగానే ఉంటుందని ఇంట్లో సరిపెట్టుకుంటారు. 30వ రోజున చేసిన ఐదు నిమిషాల స్కానింగ్ చూడినీ, చూడి లేకపోవడాన్నీ, చీమునూ వేరుచేసి చూపుతుంది. ఒక కుక్క ప్రాణాన్ని స్కానింగ్ కాపాడిందని చెప్పగలిగిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

ఈ పరీక్షకు అనువైన కాలం 25 నుంచి 35 రోజులు. పిండతిత్తులు 20 రోజుల ప్రాంతంలోనే కనబడవచ్చు, 25వ రోజు ప్రాంతానికి గుండె స్పందన కూడా తెలుస్తుంది. అంతకన్నా ముందు చేసి ‘లేదు’ అని తీర్పు చెప్పడం తగదు; వారం తరువాత మళ్లీ చూడాలి. ఎందుకంటే దాటించిన తేదీ, అండం విడుదలైన తేదీ ఒకటి కావు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో దాదాపు వారం రోజులు జీవించగలవు. విడుదలైన అండం ఫలదీకరణకు సిద్ధం కావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. పిండతిత్తులు ఉండి గుండె స్పందన లేకపోయినా, తిత్తులు కుంచించుకుపోతున్నా ఆ విషయాన్ని నమోదు చేసి, బ్రూసెల్లా కేనిస్ వంటి అంటువ్యాధులకు పరీక్ష చేయించడం అవసరం. ఆ సూక్ష్మజీవి మనుషులకూ సోకగలదు.

రెండో ప్రశ్న: ఎప్పుడు ఈనుతుంది?

దాటించిన రోజు నుంచి 63 రోజులు లెక్కించే అలవాటు మనకుంది. అండం విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే ఆ 63 రోజులు, ఒక రోజు తేడాలో, సరిగానే వస్తాయి. దాటించిన రోజు నుంచి అయితే ఈనిక 57 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. రెండు వారాల ఈ అనిశ్చితిలోనే తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి. తేదీ దాటిపోయిందని తొందరపడి శస్త్రచికిత్స చేస్తే ఊపిరితిత్తులు పక్వానికి రాని పిల్లలు పుట్టి గంటల్లో చనిపోతాయి. ఇంకా సమయం ఉందని ఆగితే మాయ పని అయిపోయి లోపలే చనిపోతాయి. తల పెద్దదై కటి ఇరుకైన బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పగ్ వంటి జాతులలో శస్త్రచికిత్స తరచుగా అవసరమవుతుంది గనుక తేదీ విలువ మరింత ఎక్కువ.

ఇక్కడ స్కానింగ్ కొలతలు ఉపయోగపడతాయి. తొలి దశలో పిండతిత్తి లోపలి వ్యాసాన్ని, చివరి దశలో పిండం తల వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి, ఈనికకు మిగిలిన రోజులను అంచనా వేసే సూత్రాలు వాడుకలో ఉన్నాయి. ఉదాహరణకు 11 నుంచి 25 కిలోల బరువున్న కుక్కలలో 29.18 నుంచి తల వెడల్పును తీసివేసి 0.7తో భాగిస్తే మిగిలిన రోజులు వస్తాయి. తల వెడల్పు 20 మి.మీ. ఉంటే సుమారు 13 రోజులు. 10 కిలోల లోపు చిన్న జాతులలో 25.11 నుంచి తీసివేసి 0.61తో భాగించాలి. ఒక్క పిండాన్ని కొలిచి ఊరుకోకుండా కనీసం రెండు మూడింటి సగటు తీసుకోవాలి. ఈ సూత్రాలను పెద్ద జాతులకు యథాతథంగా అతికించరాదు. మన ముధోల్, రాజపాళయం కుక్కలకూ, ఊరికుక్కలకూ ఇవి ఎంతవరకు సరిపోతాయో సరిచూడడం స్నాతకోత్తర విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. దానికి ఖర్చు కన్నా ఓపికతో రాసిన తేదీలే ఎక్కువ కావాలి.

యంత్రం అందుబాటులో లేని చోట థర్మామీటరు ఉంది. 57వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం గుద ఉష్ణోగ్రత రాస్తూ ఉంటే, ఈనికకు ఒక రోజు ముందు అది సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ పడిపోయి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువకు రావడం గమనించవచ్చు. రక్తంలో ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల దిగువకు పడిపోవడంతో పాటే ఇది జరుగుతుంది. స్కానింగ్‌కు పంపే ప్రతి సలహాతో పాటు ఈ థర్మామీటరు సలహా కూడా వెళ్లాలి.

మూడో ప్రశ్న: పిల్లలు ఇబ్బందిలో ఉన్నాయా?

ఈనిక సమయంలో అల్ట్రాసౌండ్ విలువ శిఖరానికి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిండం గుండె నిమిషానికి 220కి పైగా కొట్టుకుంటుంది. అది 180 నుంచి 220 మధ్యకు దిగితే జాగ్రత్తగా గమనించాలి, 180 కన్నా తగ్గి అక్కడే ఉంటే పిండానికి ప్రాణవాయువు అందడం లేదని భావించి వెంటనే నిర్ణయం తీసుకోవాలి. గర్భసంచి ముడుచుకునే ప్రతిసారీ స్పందన కొంతసేపు తగ్గి తిరిగి పెరుగుతుంది గనుక, ఒక్క కొలతతో తొందరపడకుండా కొద్ది నిమిషాల వ్యవధిలో మళ్లీ కొలవాలి. చివరి పిల్ల పుట్టిన తరువాత లోపల ఇంకా ఏదైనా మిగిలిందా అన్న ప్రశ్నకు కూడా స్కానింగ్ చక్కని సమాధానం ఇస్తుంది. ముందే చెప్పిన సంఖ్యను నమ్మి కూర్చోవడం కన్నా ఆ సమయంలో మరోసారి చూడడమే మేలు.

అయితే యంత్రం ఎంత గొప్పదైనా కుక్క దాని దగ్గరికి సమయానికి చేరాలి. అందుకే విస్తరణ కార్యక్రమాల్లో ఈ నాలుగు సూచనలను పదే పదే చెప్పాలి. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోవడం. ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటిపోవడం. మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చని స్రావం కనిపించడం. ఉష్ణోగ్రత పడిపోయి 24 గంటలైనా ఈనిక మొదలు కాకపోవడం. మొదటి పిల్ల పుట్టిన తరువాత వచ్చే ఆకుపచ్చని స్రావం సహజమే; అంతకు ముందు వస్తే మాత్రం మాయ విడిపోతున్నదని అర్థం. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా రాత్రి అని ఆగరాదు.

పుట్టిన పిల్లలకు ఎంతవరకు?

పిల్లలన్నిటికీ వరుసగా స్కానింగ్ చేయించి, ఆరోగ్యంగా ఉన్నట్లు పత్రం ఇప్పించాలన్న ఆలోచన కొందరు అమ్మకందారులలో కనిపిస్తుంది. దీనితో నేను ఏకీభవించను. పిల్ల గుండె చప్పుడులో తేడా ముందుగా తెలిసేది స్టెతస్కోపుతోనే. తేడా వినిపిస్తే, పుట్టిన తరువాత మూసుకుపోవలసిన రక్తనాళం తెరచే ఉందేమో చూడడానికి గుండె స్కానింగ్ అవసరం. ఎదుగుదల లేక, తిన్న తరువాత తూలుతూ వింతగా ప్రవర్తించే పిల్లలో కాలేయాన్ని తప్పించుకుని పోయే పక్కదారి రక్తనాళం ఉందేమో వెతకాలి. చివావా వంటి చిన్న జాతులలో మాడు తెరచి ఉండి తల పెద్దదిగా ఉంటే, ఆ సందు గుండానే మెదడులో నీరు చేరిందేమో చూడవచ్చు. పార్వో వ్యాధి సోకిన పిల్లకు వాంతులు ఆగకపోతే పేగులో పేగు దూరిందేమో అల్ట్రాసౌండ్‌తో చూడడం తప్పనిసరి. ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు తెరపై స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ప్రతి సందర్భంలోనూ ముందు ఒక లక్షణం ఉంది, తరువాతనే పరీక్ష వచ్చింది.

పొట్ట ఉబ్బిన పిల్లలో సర్వసాధారణంగా ఉండేవి ఏలికపాములు. తల్లి శరీరంలో దాగిన వీటి లార్వాలు మాయ గుండా పిండాలకు చేరతాయి గనుక పిల్ల వాటితోనే పుడుతుంది. 2, 4, 6, 8 వారాల వయసులో నట్టల మందు, 6 నుంచి 8 వారాల మధ్య మొదలయ్యే టీకాలు పూర్తిచేయకుండా, స్కానింగ్ పత్రం చూపి పిల్లను అమ్మడం కొనేవారిని మోసగించడమే అవుతుంది.

యంత్రం కన్నా ముందు

కాపరి కుక్క చెట్టు కింద తనంతట తానే ఈనుతుంది కదా, దానికి ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఆ మాటలో నిజముంది. మన ఊరికుక్కలలో అధికశాతం ఎవరి సహాయమూ లేకుండా ఈనుతాయి. వాటికి అలవాటుగా స్కానింగ్ అక్కరలేదు. పెద్ద తల జాతులకు, వయసు మీరి మొదటిసారి చూడి కట్టిన వాటికి, గతంలో కష్టపడి ఈనిన వాటికి, ఎద తరువాత నీరసించిన ప్రతి ఆడకుక్కకూ అవసరం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల కింద వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసే కేంద్రాల్లో కూడా, పొట్ట కోసిన తరువాత నిండు చూడిని కనుగొనడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

పల్లె పశువైద్యశాలలలో యంత్రం ఉన్నచోట అది ఆవులు, గేదెల కోసం కొన్నది, గుద మార్గంలో వాడే లీనియర్ ప్రోబ్ కలది అయి ఉండవచ్చు. పొట్ట మీది వెంట్రుకలు తీసి, జెల్ బాగా పూసి, దానితో కూడా చూడి ఉందా, గుండె కొట్టుకుంటున్నదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టవచ్చు. చిన్న కుక్కలకు 7.5 నుంచి 10 మెగాహెర్ట్జ్, పెద్ద వాటికి 5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ అనువైనది. మనుషులలో గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం నేపథ్యంలో, పశువైద్యశాల యంత్రం పశువులకే పరిమితమై ఉండడం, ప్రతి వినియోగం చిట్టాలో నమోదు కావడం మన వృత్తి గౌరవానికి సంబంధించిన విషయం.

1958లో గ్లాస్గోలో అయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు పొట్టలోని గడ్డలపై అల్ట్రాసౌండ్ ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. వారి ముందున్న ప్రశ్నలలో ప్రధానమైనది చాలా సాదాది: ఈ గడ్డ నీటితో నిండినదా, గట్టిదా? ప్రశ్న స్పష్టంగా ఉన్నందునే నాటి మసక బొమ్మలు కూడా ఉపయోగపడ్డాయి. నేటి బొమ్మలు ఎంతో స్పష్టంగా ఉన్నా, ప్రశ్న మసకగా ఉంటే ఫలితం శూన్యం.

అందుకని మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, ప్రతి చూడి కుక్కకూ ఒక కార్డు: ఎద మొదలైన తేదీ, దాటించిన తేదీలు, స్కానింగ్ తేదీ, గుండె స్పందన, అంచనా ఈనిక తేదీ. దీన్ని మన విశ్వవిద్యాలయాలు తెలుగులో ముద్రించి పంచవచ్చు. రెండోది, స్కానింగ్ నివేదికలో పిల్లల సంఖ్య రాయవలసి వస్తే ‘కనీసం ఇన్ని’ అని మాత్రమే రాయడం. కచ్చితమైన సంఖ్యకు 55 రోజుల తరువాత ఎక్స్‌రే సూచించడం. మూడోది, విద్యార్థుల శిక్షణలో బొమ్మను గుర్తించడంతో పాటు, ఆ బొమ్మ చూసి యజమానికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూడా పరీక్షించడం.

ఇందులో కొత్త యంత్రం కొనవలసిన సూచన ఒక్కటీ లేదు. ఉన్న యంత్రాన్ని 30వ రోజున ఒకసారి, ఈనిక దగ్గరపడినప్పుడు ఒకసారి, అనుమానం వచ్చినప్పుడు మరోసారి వాడుకుంటే చాలు. పెంపకందారు ‘ఎన్ని’ అని అడగడం మానడు. అది ఆశతో అడిగే ప్రశ్న. దానికి ‘కనీసం ఇన్ని’ అని చెప్పి, అడగని మిగతా ప్రశ్నలకు కూడా జవాబు చెప్పి పంపడం మన బాధ్యత.